పోస్టు దగ్గర అడిగిన మాట

కారు తలుపు మూసుకున్నాక గానీ వాసన తగల్లేదు. అప్పటికే అజారా ముందు సీట్లో సర్దుకుని కూర్చుంది, సంచీ ఒళ్లో పెట్టుకుంది, నాలుగు వందల సోమ్‌లు డ్రైవరు చేతిలో పెట్టేసింది, కారు సారీ-బులాక్ టీ కొట్లు దాటి కనుమ వైపు ఎక్కడం మొదలెట్టింది. వోద్కా, పచ్చి ఉల్లిపాయ, వాటిని కప్పెట్టడానికి నోట్లో వేసుకున్న పుదీనా బిళ్ల. ఈ మూడూ కలిసిన వాసన ఆమెకు తెలియనిది కాదు. కిందటి అక్టోబరులో నారిన్ ఆసుపత్రి నడవాలో, ఆమెకు రెండు కుర్చీల అవతల కూర్చుని మైరంబెక్ వెక్కి వెక్కి ఏడుస్తుంటే వచ్చింది ఇదే వాసన. రోడ్డు గుంతలు పూడుస్తున్న ఆమె మొగుడు సగిన్‌ని కారుతో గుద్దినవాడు వాడు. గుద్దినవాడు ఏడుస్తుంటే చూస్తూ కూర్చుంది గానీ ఆమెకు ఏడుపు రాలేదు, ముక్కు మాత్రం ఆ వాసనని పట్టి దాచుకుంది. పాపిష్టి ముక్కు, మనసు మరిచినా అది మరవదు.

దిగిపోవాలి. ఆపు, దిగిపోతాను అనాలి. కారు గడియారంలో పన్నెండు యాభై. రెండు గంటలకు కోర్టు. ఇది మూడో పిలుపు. మొదటి పిలుపుకి సగిన్‌కి వీపు పుండ్లు పగిలి ఒళ్లు కాలిపోతుంటే వదిలి రాలేకపోయింది, రెండో పిలుపుకి మంచు పడి కనుమ మూసేశారు, మూడోసారి కూడా రాకపోతే రాజీ పడ్డట్టే లెక్క అని కాగితం పంపారు. రాజీ అని రాసేస్తే మైరంబెక్ చేతులు దులుపుకుని పోతాడు. పరిహారం ఏడు లక్షలు రావు. ఏడు లక్షలు రాకపోతే రాజధానిలో ఆపరేషను లేదు, ఈ వసంతం దాటాక చేసినా వెన్ను మాట వినదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. గంటన్నర రోడ్డు పక్కన నిలబడితే ఆగిన మొదటి కారు ఇది. దిగితే మళ్లీ ఏముంది, మూడింటి బస్సు. మూడింటికి బయల్దేరి రెండింటి కోర్టుకి ఎలా చేరుతుంది, చచ్చి చేరాలి. ఈ కారులో కూర్చున్నా చచ్చే చేరేలా ఉంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అని ఊరికే అన్నారా పెద్దలు.

"తమ్ముడూ, నువ్వేమైనా తాగావా?" అంది చివరికి, గొంతు తగ్గించి, తనేదో తప్పు చేసినట్టు.

"తాగడమా? భలేదానివక్కా! నిన్న మా అన్న మనవణ్ణి ఉయ్యాల్లో వేశారు. పండగ పండగే కదా. పొద్దున లేచేసరికి తల పగిలిపోతోంది, ఓ వంద గ్రాముల వోద్కా మందులా వేసుకున్నా. మందే అక్కా, ఒట్టు. చేతులు చూడు, వణుకుతున్నాయేమో!" డ్రైవరు కుబాన్ రెండు చేతులూ స్టీరింగు మీంచి ఎత్తి చూపించాడు. చేతులు వణకలేదు, కారే కాస్త పక్కకి జరిగింది.

"అత్తా, ఆయన్ని మాటల్లో పెట్టకండి," అంది వెనక సీటులో పసిబిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకున్న పిల్ల. పక్కనున్న తెల్ల టోపీ ముసలాయన, "రోడ్డు చూడనియ్యమ్మా వాణ్ణి. మా రోజుల్లో తాగకుండా ఈ కనుమ దాటినవాడెవడు!" అని నవ్వి కళ్లు మూసుకున్నాడు. ముగ్గురూ ఒకటైపోయారు, తనొక్కతే గిల్లికజ్జాల మనిషి అయింది.

బెల్టు లాగబోతే దాని గూట్లో ఇంకేదో ఇనప ముక్క దిగేసి ఉంది. బెల్టు పెట్టుకోకపోతే కారు కుయ్యి కుయ్యిమని గోల చేస్తుందని, దాని నోరు నొక్కడానికి బజార్లో పది సోమ్‌లకి అమ్మే ముక్క. మైరంబెక్ కారులోనూ ఉందట, దర్యాప్తు చేసిన అమ్మాయి చెప్పింది. ఆ అమ్మాయి మంచిది. "అక్కా, నువ్వొచ్చి జడ్జి ముందు నీ నోటితో 'నేను రాజీ పడలేదు' అను చాలు. వాళ్ల నాన్నకి అరవై గుర్రాలున్నాయి, కొడుకు జైలుకి పోతాడంటే ఏడు లక్షలేమిటి, పది పెడతాడు," అంది. ఒక్క మాట. ఆ ఒక్క మాట అనడానికే ఈ మార్చి బురదలో, సగిన్‌ని పక్కింటి ముసలమ్మకి అప్పజెప్పి, సాయంత్రం ఆరింటికి వచ్చేస్తానని చెప్పి బయల్దేరింది. బయల్దేరుతుంటే సగిన్ అటు తిరిగి పడుకున్నాడు. తిరిగాడంటే మెడ మాత్రమే, నడుము కింద ఆయనది ఏదీ ఆయనది కాదు. "వాళ్లు గొర్రె సంగతి అడుగుతారు," అన్నాడు గోడకేసి చూస్తూ. అడుగుతారు, ఎందుకడగరు!

గొర్రె. అయ్యో, ఆ గొర్రె. మూడు పగళ్లూ మూడు రాత్రులూ ఆసుపత్రి నడవాలో రొట్టెముక్క కూడా గొంతు దిగక, నాలుగో రోజు బావగారు కాలిక్ ఇంటికి తీసుకొస్తే, వాకిట్లోనే ఉడుకుతున్న మాంసం వాసన వచ్చింది. తోటికోడలు గిన్నెడు పులుసు చేతిలో పెట్టి, "తాగవే, ముందు ప్రాణం నిలబెట్టుకో," అంది. తాగింది. ఆకలి రుచి ఎరగదంటారు, అది సిగ్గు కూడా ఎరగదు. రెండో గిన్నె తాగింది, తుంటి ముక్క తింది, ఎముక కూడా చీకింది. తరవాతే కదా తెలిసింది ఆ గొర్రె ఎవరిదో. ముందురోజు మైరంబెక్ తండ్రి ఆరుగురు పెద్దమనుషుల్ని వెంటేసుకుని వచ్చాడట, గొర్రెని గుమ్మం ముందు కట్టాడట, యాభై వేలు ఓ చేతిరుమాల్లో చుట్టి పెట్టాడట, తల మీది టోపీ తీసి నేల మీద పెట్టి క్షమించమన్నాడట. తెల్లగడ్డాల వాళ్ల ముఖాలు చూసి బావగారు కరిగిపోయాడు. అందరూ అరచేతులు ఎత్తి దీవెన పలికి ముఖాలు తడుముకున్నారు. గొర్రె కోశారు. ఆ కుండలో తిన్నవాళ్లకి ఇక కోపం లేదు, పగ లేదు, అడగడానికి నోరు లేదు, అది తాతల నాటి కట్టుబాటు. బావగారు తన తమ్ముడి నడుముని ఒక గొర్రెకి అమ్మేశాడు, ఆమె దాని ఎముక చీకింది.

"నాకు తెలీకుండా తిన్నాను," అని చెప్పాలి జడ్జికి. కడుపు తిన్నది, నేను తినలేదు అనాలా? నవ్వుతారు. "తెలీకుండా తిన్నాను." దారంతా అదే మాట నోట్లో తిప్పుకుంటూ వచ్చింది, ఇప్పుడు కనుమ మీద కారు మంచు గోడల మధ్య వంకరలు పోతుంటే ఆ మాట కూడా తిన్నగా నిలవడం లేదు. కుబాన్ పాడుతున్నాడు. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో సీట్ల మధ్య పెట్టుకున్న నీళ్ల సీసా. గుక్కెడు తాగి మూత పెట్టకుండానే మళ్లీ దాన్ని అక్కడే దూర్చాడు. నీళ్లేనా? నీళ్లు తాగినవాడు అలా మొహం చిట్లించి ముక్కుతో ఊపిరి వదలడు. మందేట, మందు! ఆ సీసా ఖరీదెంత, మూడు వందలు. తాగినవాడు కట్టేది మూడు వందలే. మిగతాది ఎవరు కడతారు? గోధుమరంగు ఆడగుర్రం కట్టింది. ఎండాకాలం ఐదు నెలలు దాని పాలు పులియబెట్టి కుమీస్ చేసి ఈ రోడ్డు పక్కనే సీసాల్లో అమ్ముకునేది. ఆ డబ్బుతోనే చలికాలం బొగ్గు, పిండి, పెద్దపిల్ల నర్సు చదువు. గుర్రం అమ్ముడుపోయి సగిన్ వెన్నులో రెండు ఇనప బద్దలైంది. గుర్రం పోయాక పిల్ల చదువు పోయింది. "అమ్మా, కుట్టుపని కూడా బాగానే ఉంది, వేడిగా ఉంటుంది గదిలో," అంటుంది ఫోనులో, వెనకాల నలభై మిషన్ల చప్పుడు, ఆ చప్పుడు మీదుగా అరుస్తూ. నర్సు అయుంటే తండ్రి వీపు పుండ్లు అదే కడిగేది కదా, ఇంటికే ఒక నర్సు ఉండేది కదా. సగిన్ జీతం రెండు నెలలకి సగమైంది, నాలుగు నెలలకి ఆగింది. పక్కింటి ముసలమ్మ డబ్బు తీసుకోదు, కానీ ఆమె నడుమూ వంగిపోయింది సగిన్‌ని దొర్లించి దొర్లించి. ఇంతమంది కడుతున్నారు, మైరంబెక్ ఒక్కడు తప్ప.

కనుమ తల మీద గాలి కారుని తోసింది. వెనక పసిబిడ్డ ఏడ్చింది, తల్లి రొమ్ము అందించినట్టుంది, ఏడుపు ఆగిపోయింది. దిగుడు మొదలైంది. ఒకటీ పది. కుబాన్ గేరు తీసేసి కారుని దొర్లనిచ్చాడు, పెట్రోలు మిగులుతుందని. వంకర దగ్గర లారీ ఎదురొచ్చింది. అజారా పాదాలు రెండూ కింద రేకుని తొక్కాయి, అక్కడేదో బ్రేకు ఉన్నట్టు. లారీ హారను కొట్టుకుంటూ పోయింది. "అమ్మమ్మా, నీ అబ్బ రోడ్డా!" అని కుబాన్ దాన్ని తిట్టి పకపకా నవ్వాడు. ఆమె పిల్లలు కళ్ల ముందుకొచ్చారు, సగిన్ గోడవైపు తిప్పిన మెడ కళ్ల ముందుకొచ్చింది. తను పోతే ఆయన్ని ఎవరు దొర్లిస్తారు? రెండేసి గంటలకి ఒకసారి దొర్లించాలి, లేకపోతే కుళ్లిపోతాడు మనిషి. దేవుడా, దిగుతాను, ఇప్పుడే దిగిపోతాను. దిగితే రెండింటికి ఎవరు చేరతారు? చేరకపోతే ఆయన జన్మంతా దొర్లించుకుంటూనే ఉండాలి.

పోలీసు పోస్టు కనపడింది. చారల కర్ర, చిన్న గది, గది ముందు పచ్చ చొక్కా పోలీసు. ఈ పోస్టే. ఇదే పోస్టు.

ఆ రోజు మైరంబెక్ కారు కూడా ఇక్కడే ఆగింది. అందులో ముందు సీట్లో కుల్జాన్ అనే ఆవిడ ఉంది, దారిలో ఎక్కిన మనిషి, డబ్బిచ్చి ఎక్కిన మనిషి. పోలీసు అడిగాడట, అంతా బాగేనా అని. ఆవిడ బాగే అందట. నాలుగు కిలోమీటర్లు దిగాక సగిన్. చలికాలంలో ఆవిడ ఊరు వెతుక్కుంటూ వెళ్లింది అజారా. తలుపు తెరవగానే ఆవిడ తలగుడ్డ పట్టి లాగి, "నీ నోరు పడిపోయిందటే? ఒక్క మాట! తాగాడయ్యా అని ఒక్క మాట అనుంటే నా మొగుడు ఇవాళ నడిచేవాడు. నాలుకేనా నీ నోట్లో ఉన్నది, చెప్పు తోలా?" అని గుమ్మం మీద ఉమ్మేసింది. "కూతురికి నొప్పులొస్తున్నాయని ఫోనొచ్చింది అక్కా. మొదటి కాన్పు. కారు ఆపేస్తే ఎలా పోవాలో తెలీలేదు," అంది కుల్జాన్. "నీ కూతురు కనింది, నా ఇల్లు కూలింది!" అని ఇంకోసారి ఉమ్మింది. ఆవిడ తలగుడ్డతో గుమ్మం తుడుచుకుని, కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్తానంది. ఇవాళ వస్తుంది. రావాలి మరి, రాకపోతే ఊరుకుంటుందా అజారా!

కారు ఆగింది. స్టీరింగు కుడిపక్కనున్న పాత జపాను కారు, బళ్లు కుడివైపు నడిచే ఈ రోడ్లకి అది తిరకాసు, అందుకని రోడ్డు మధ్యలో నిలబడ్డ పోలీసుకి అజారా కిటికీయే దగ్గరైంది. అద్దం దించింది. చల్లగాలి మొహాన కొట్టింది, వాసన ఆ గాలికి వెనక్కి పోయింది. కుబాన్ అటు తిరిగి కాగితాల కోసం సొరుగు వెతుకుతున్నట్టు వంగాడు. పోలీసు కుర్రతనం వదలని మనిషి, చెవులు చలికి ఎర్రబడ్డాయి, వాళ్లమ్మతో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"సలాం అమ్మా. కనుమ మీద మంచు పడుతోందా? అంతా బాగేనా?"

ఒకటీ ఇరవై అయిదు. తాగాడని అంటే? ఇప్పుడు అంటే కుబాన్‌ని దింపుతారు, గొట్టంలో ఊదిస్తారు, తాళం తీసేసుకుంటారు, ఈ కారు ఇక్కడే నిలబడుతుంది. వెనక పిల్ల తిట్టుకుంటుంది, తిట్టుకోనీ. ఇంకో కారు? నారిన్ ఇంకా ఇరవై అయిదు కిలోమీటర్లు. ఈ పోలీసు ఏదైనా కారు ఆపి ఎక్కిస్తాడేమో. ఎక్కించకపోతే? పదిహేను నిమిషాలు ఆలస్యమైతే? జడ్జి తలుపేస్తే? గొర్రె తిన్నారు, దీవెన పలికారు, ఆవిడా రాలేదు, రాజీయే అని రాస్తే? నాలుగు కిలోమీటర్లే, ఆ నాలుగూ దాటితే తిన్నని రోడ్డు, ఏమీ కాదు, ఇంతదూరం ఏమీ కాలేదు. అను. అనవే. నోరు పడిపోయిందటే. సగిన్ వెన్ను. ఏడు లక్షలు. పోలీసు కళ్లు ఆమె కళ్లలోకే చూస్తున్నాయి, నోరు తెరుచుకుంది, ఒక గొంతు వచ్చింది, అది ఎవరిదో పరాయి గొంతులా వినపడింది.

"బాగే నాయనా. అంతా బాగే."

కర్ర లేచింది. "బతికించావక్కా! తిరుగు ప్రయాణానికి డబ్బులు తీసుకోను పో," అన్నాడు కుబాన్. పెట్రోలు తొక్కాడు. తన దాకా వస్తే గానీ తెలియదంటారు. తెలిసింది, దేవుడా, తెలిసిందిలే, ఇక చాలు, ఈ నాలుగు కిలోమీటర్లు దాటించు. ఒకటి. అంకెల రాళ్లు లెక్కపెడుతోంది. రెండు. కుబాన్ సీసా అందుకున్నాడు. మూడు. ఎదురుగా వంకర తిరగ్గానే నారింజ రంగు.

నారింజ రంగు చొక్కాలు, నలుగురు. గుంతల్లో తారు పోస్తున్నారు, ఆవిర్లు లేస్తున్నాయి. మంచు కరగ్గానే మొదలెట్టేస్తారు పని, ఏటా ఇంతే, సగిన్ చొక్కా ఇంకా మేకుకే వేలాడుతోంది ఇంట్లో. "తమ్ముడూ, మనుషులు!" అందా, అనాలనుకుందా? "మనుషులురా!" అని ఆమె చెయ్యి స్టీరింగుని పట్టుకుంది, కుబాన్ కాలు దేన్నో తొక్కింది, కారు తోక ఊపింది, చొక్కాలు నాలుగు వైపులా చెదిరాయి, ఠప్పుమని చప్పుడైంది. చప్పుడైంది. సీసా ఎగిరి ఆమె ఒళ్లో పడింది, కోటు, పావడా తడిసిపోయాయి. ఆమె వెనక్కి తిరిగింది, పసిబిడ్డ తల మీదుగా, వెనక అద్దంలోంచి. రోడ్డు మీద పార ఒకటి బొంగరంలా తిరుగుతోంది. పక్క గోతిలో ఒక నారింజ మూట. లే. లే నాయనా, లేవరా. మూట కదిలింది, చెయ్యి ఆనించింది, లేచింది, కాళ్ల మీద లేచింది, నడుము నిలబెట్టి లేచింది. టోపీ పోయిన బట్టతల, జాపర్ కదూ, సగిన్ జోడీ కదూ, పండక్కి ఇంటికొచ్చి ఆయన కాళ్లు పిసికిపోయే జాపర్. కారు వైపే చూస్తున్నాడు. అజారా తలగుడ్డ కళ్ల మీదికి లాక్కుంది.

"పారే అక్కా, ఒట్టి పార!" అన్నాడు కుబాన్. గొంతులో నవ్వు లేదు. "రోడ్డు మధ్యలో నిలబడితే ఏం చెయ్యను?" ముసలాయన ఏదో ప్రార్థన గొణుక్కుంటున్నాడు. పిల్ల బిడ్డని నలిపేసేలా పట్టుకుని ఏడుస్తోంది. ఆపమని ఎవరూ అనలేదు. అజారా కూడా అనలేదు. ఒకటీ ముప్పై మూడు.

కోర్టు మెట్ల దగ్గర రెండు గుప్పిళ్లు మంచు తీసి కోటుకి రుద్దింది. రుద్దినకొద్దీ వాసన రేగింది. రెండింటికి ఇంకా ఎనిమిది నిమిషాలు. నడవాలో ఒక బల్ల మీద మైరంబెక్, వాడి తండ్రి, నల్ల బ్యాగు వకీలు. ఇవాళ వాళ్ల దగ్గర సబ్బు వాసన. తన దగ్గర్నించి వోద్కా. తాగి గుద్దాడని చెప్పడానికి తాగి వచ్చిందమ్మా అంటే ఏం చెప్తుంది? గొర్రె తెలీకుండా తిన్నాను అంటుంది. దీనికేం చెప్తుంది? ఇది తెలీకుండా కాదు కదా, కళ్లు తెరుచుకుని, గడియారం చూసుకుంటూ. ఇంకో బల్ల చివర కుల్జాన్ కూర్చుని ఉంది, ఒళ్లో చేతులు, భుజాల మీద బూడిదరంగు శాలువా. వేరే చోటు లేక కాదు, నిలబడొచ్చు కూడా, అయినా అజారా వెళ్లి ఆమె పక్కనే కూలబడింది.

కుల్జాన్ జరిగి చోటిచ్చింది. ఆమె ముక్కుపుటాలు ఒకసారి కదిలాయి. తడిసిన కోటు చూసింది, మనిషి మొహం చూసింది.

"ఎలా వచ్చావక్కా?"

"దొరికిన కారులో."

కుల్జాన్ దగ్గరికి వంగి, ఎవరికీ వినపడకుండా అడిగింది: "పోస్టు దగ్గర అడగలేదా?"

అబద్ధం ఆడొచ్చు. పోస్టు దగ్గర ఎవరూ లేరనొచ్చు. నాలుక చెప్పు తోలులా మందంగా ఉంది నోట్లో.

"అడిగారు," అంది అజారా.

కుల్జాన్ ఉమ్మలేదు. అజారా కోటు బొత్తాలు తనే విప్పింది, చంటిదానికి విప్పినట్టు, భుజాల మీంచి లాగి, తిరగేసి మడిచి ఒళ్లో పెట్టుకుంది. శాలువా తీసి అజారాకి కప్పి తడిసిన పావడా మీదిదాకా లాగింది. ఎదుటి బల్ల మీంచి మైరంబెక్ తండ్రి ముక్కు చిట్లించి ఇటు చూశాడు. కుల్జాన్ ఆ కోటుని ఇంకాస్త గట్టిగా కడుపుకి అదుముకుని, ఆయన వైపే చూస్తూ కూర్చుంది. లోపల్నించి పిలిచారు, "అజారా, సగిన్ భార్య, వచ్చిందా?"

"వచ్చాను," అంటూ లేచింది అజారా.